మూడంకెల పిలుపు



ఈ దినము నేను మీకు విన్నవింపబోవు విషయము మిక్కిలి చిన్నది. ఎంత చిన్నదనగా, అది మూడంకెలలో ఇముడును. 100, 108, 112 అను అంకెలను వినని గ్రామము నేడు ఆంధ్రదేశములో అరుదు. వీధిలో ఎవరైన సొమ్మసిల్లి పడినచో, బడికి పోవు బాలుడు సైతము నూటయెనిమిదికి ఫోను చేయుమని కేక వేయును. కాని ఆ అంకెలు ఎచ్చటనుండి వచ్చినవి, వానిని నొక్కినప్పుడు పిలుపు ఏ త్రోవను పోవును, దానిని మోసికొనిపోవు కంపెనీలకు గల బాధ్యత యెట్టిది, ఒక్కొక్కప్పుడు ఆ పిలుపు ఏల గమ్యము చేరదు అను ప్రశ్నలు అడిగినవారు మనలో తక్కువ. ఆపద వచ్చినప్పుడు ఆలోచించుటకు వ్యవధి యుండదు. కావున తీరికగా కూర్చున్న ఈ సమయముననే ఆ చిన్న నంబరుల చరిత్రను కొంత తెలిసికొందము.

నేను నివసించునది విశాఖపట్టణము. సముద్రతీరమున నుండువారికి అంకెలతో ఆపదను తెలుపు పద్ధతి టెలిఫోను కంటెను పాతది. 1864లో కలకత్తా నగరమును ఘోరమైన తుపాను తాకెను. మరుసటి సంవత్సరము, అనగా 1865లో, ఆ రేవునకు తుపాను హెచ్చరికలను తెలుపు ఏర్పాటు చేసిరి. క్రమముగా అది తక్కిన రేవులకు వ్యాపించి, దేశమంతటికి ఒకే విధమైన సంకేతములు కలిగెను. ఇవి 1 మొదలు 11 వరకు పదునొకండు. పగటివేళ రేవులోని స్తంభముపై శంకువులను, పీపాల వంటి ఆకారములను వ్రేలాడదీయుదురు. రాత్రివేళ ఎరుపు, తెలుపు దీపములను కట్టుదురు. 1, 2 అనునవి దూరమున సముద్రములో గాలివాన పుట్టినదని తెలుపును. 3, 4 రేవునకే గాలిబెడద కలుగవచ్చునని తెలుపును. 5 మొదలు 7 వరకు ప్రమాదసంకేతములు. 8 మొదలు 10 వరకు మహాప్రమాదసంకేతములు. ఇక 11వ సంకేతమున కొక విచిత్రమైన అర్థము కలదు. దానిని చివరకు చెప్పెదను. దానిని మాత్రము మరువకుడు.

ఈ పద్ధతిలోని గొప్పతనము గమనింపుడు. అక్షరము ముక్క రాని జాలరికి సైతము ఆ స్తంభమును చూడగనే కర్తవ్యము తెలియును. ఏ ఓడ ఏ దేశమునదైనను, ఏ కంపెనీదైనను, సంకేత మొక్కటే. 1933లో విశాఖపట్టణపు రేవు తెరువబడిన పిదప ఇచ్చటికి వచ్చిన ఓడలన్నియు ఈ సంకేతములకే తలయొగ్గినవి. చిన్నదిగా నుండుట, అందరికి ఒక్కటిగా నుండుట, అందరికి ముందే తెలిసియుండుట అను మూడు గుణములు ఆపత్కాలపు సంకేతమునకు ప్రాణములు. టెలిఫోనువారు ఈ మూడు గుణములను నేర్చుకొనుటకు చాలకాలము పట్టినది.

మన దేశములో టెలిఫోను ఎక్స్ఛేంజిలు 1882 జనవరి 28న ప్రారంభమయ్యెను. కలకత్తా, బొంబాయి, చెన్నపట్టణములు ఆ భాగ్యమును మొదట పొందినవి. అప్పటి టెలిఫోనులో అంకెలు నొక్కు పని లేదు. గొట్టము చేతబట్టినంతనే ఎక్స్ఛేంజిలో కూర్చున్న మనిషి పలికెడివాడు. ఎవరు కావలెనో చెప్పినచో, అతడు ఒక తీగను మరియొక తీగతో కలిపెడివాడు. ఇల్లు తగులబడినదని చెప్పినచో అగ్నిమాపక దళమునకు కలిపెడివాడు. నడుమ మనుష్యుడు ఉన్నంతకాలము చిన్న నంబరు అవసరము కలుగలేదు. గ్రామములో ఆపద వచ్చినప్పుడు తలారిని కేకవేసినట్లే, పట్టణములో ఆపరేటరును కేకవేసెడివారు.

ఆ మనుష్యుని నడుమనుండి తొలగించినవాడు అమెరికా దేశస్థుడైన ఆల్మన్ స్ట్రౌజరు. అతడు శవసంస్కారములు జరిపించు వృత్తివాడు. తనకు రావలసిన పిలుపులను ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు తన పోటీదారునకు మరలించుచున్నదని కినిసి, మనిషి అక్కరలేని యంత్రమును కనిపెట్టెనని చెప్పుదురు. 1891లో అతనికి ఆ యంత్రముపై హక్కుపత్రము లభించెను. 1892లో ఇండియానా రాష్ట్రమందలి లా పోర్టు పట్టణములో ఆ యంత్రముతో ఎక్స్ఛేంజి నడచెను. మన దేశములో మొదటి స్వయంచాలక ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాలో వెలసెను. అప్పటినుండి చక్రము త్రిప్పినవాడే తన పిలుపునకు తాను సారథి యయ్యెను. లాభము గొప్పదే, కాని ఒక లోపము కలిగెను. అర్ధరాత్రమున దొంగలు పడినచో, చేతులు వణకుచుండగా, ఠాణా నంబరును పుస్తకములో వెదకవలసివచ్చెను. ఆపరేటరును పిలిచినను, ఆతడు సాధారణమైన పిలుపులతో తలమునకలుగా నుండును. ఏ పిలుపు ప్రాణముమీదికి వచ్చినదో, ఏది పెండ్లిపిలుపో ఆతనికి తెలియు మార్గము లేదు.

ఈ లోపము లండను నగరములో ప్రాణములను బలిగొన్నది. 1935 నవంబరులో వింపోల్ వీథిలోని యొక గృహము తగులబడెను. పొరుగింటివారు టెలిఫోను చేసిరి. ఎక్స్ఛేంజిలో పిలుపు వరుసలో నిలిచిపోయెను. ఆ మంటలలో ఐదుగురు స్త్రీలు మరణించిరి. ప్రజలలో కలవరము పుట్టెను; ప్రభుత్వము విచారణ జరిపెను. ఫలితముగా 1937 జూను 30న లండనులో 999 అను నంబరు ప్రారంభమయ్యెను. ఆ నంబరు త్రిప్పినచో ఎక్స్ఛేంజిలో ఎఱ్ఱదీపము వెలిగి గంట మ్రోగును. ఆపరేటరు తక్కిన పనిని విడిచి దానిని అందుకొనవలెను.

999నే ఏల యెన్నుకొనిరి? 111 ఇంకను సులభము కదా యని మీకు తోచవచ్చును. పాత టెలిఫోనులో 1 త్రిప్పినచో తీగలో ఒక్క విద్యుత్ స్పందనము పోవును. 9 త్రిప్పినచో తొమ్మిది పోవును. సున్న త్రిప్పినచో పది పోవును. గాలికి తీగలు రెండు ఒకదానికొకటి తగిలినను ఒక్కొక్క స్పందనము పుట్టవచ్చును. 111 పెట్టియున్నచో, గాలి వీచినప్పుడెల్ల ఎవరు పిలువకయే ఎఱ్ఱదీపము వెలిగెడిది. సున్న ఆపరేటరునకు ముందే కేటాయింపబడియుండెను. ఈ కారణములచేత తొమ్మిదులకు ఆ పదవి దక్కినది.

మన దేశములో వేరొక త్రోవను త్రొక్కిరి. పోలీసులకు 100, అగ్నిమాపకమునకు 101, అంబులెన్సునకు 102. టెలిఫోను చెడిపోయినదని చెప్పుటకు 198, ఇతరుల నంబరును అడుగుటకు 197. ఇవియన్నియు ఒకటితో మొదలగుచున్నవి. దీనిలో ఒక చక్కని యుక్తి కలదు. మన దేశములో గృహస్థుల కిచ్చు ఏ నంబరును ఒకటితో మొదలుకాదు. సున్న దూరప్రాంతములకు త్రోవ చూపును. విశాఖపట్టణమునకు 0891 అనునట్లు. చేతిఫోను నంబరులు 6, 7, 8, 9 అంకెలతో మొదలగును. కావున ఎక్స్ఛేంజి మొదటి అంకెగా ఒకటిని వినగనే, ఇది గృహస్థుల నంబరు కాదు, ప్రత్యేకమైన పిలుపు అని గ్రహించును.

ఇచ్చట ఒక సందేహము పుట్టును. 100కు మూడంకెలు, 1098కి నాలుగు, 14567కు ఐదు. యంత్రము ఎచ్చట ఆగవలెను? మన యిండ్లలోని మాటతో చెప్పెదను. ఒక యింటిలో రాముడు, రామయ్య అని యిద్దరుందురనుకొందము. మీరు "రామ..." అని పిలుచుట మొదలుపెట్టగనే ఇద్దరును తలయెత్తి, తరువాతి అక్షరము కొరకు ఎదురుచూతురు. పూర్తి యగువరకు ఎవరును కదలరు. ఇట్టి చిక్కు రాకుండుటకై, 1098ని పిల్లల రక్షణకు ఇచ్చినవారు 109ని మరియెవ్వరికిని ఈయలేదు. 1070, 1077 అనునవి విపత్తుల కార్యాలయములకు ఇచ్చిరి గనుక 107 ఖాళీగా నున్నది. ఒక పొట్టి నంబరును దానము చేసినచో, దానితో మొదలగు పొడుగు నంబరులన్నియు పోయినట్లే. మూడంకెల నంబరులు అరుదైన భూమి వంటివి. కాబట్టియే వానిని ఎవరికి పడిన వారికి ఈయక, కేంద్రప్రభుత్వపు టెలికం శాఖ తన చేతిలో నుంచుకొన్నది. 2003లో ప్రకటింపబడిన జాతీయ నంబరుల ప్రణాళికలో ఈ ఏర్పాటంతయు వివరింపబడినది.

ఒకప్పుడు దేశమంతట టెలిఫోనును నడపినది ప్రభుత్వ మొక్కటే. నా బాల్యమున మా గ్రామమంతటికి తపాలా కచేరిలో ఒక్క టెలిఫోను ఉండెడిది. పట్టణములోని బంధువులతో మాటలాడుటకు ట్రంకు కాలు వ్రాయించి, అరుగుమీద గంటలకొలది కూర్చుండెడివారము. మన దేశములో ఆపరేటరు లేకుండ ఒక పట్టణమునుండి మరియొక పట్టణమునకు నేరుగా మాటలాడు సౌకర్యము 1960లో కాన్పూరు, లక్నోల నడుమ మొదలైనను, అది గ్రామములకు వచ్చుటకు చాల ఏండ్లు పట్టెను. పట్టణములలో 100, 101 ఉండెను గాని, టెలిఫోనే లేని యింటికి ఆ నంబరు ఏమి ప్రయోజనము?

1997 సెప్టెంబరు 14వ తేదీని విశాఖవాసులు మరువలేరు. ఆ యుదయమున హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధికర్మాగారములో వంటగ్యాసు వెలువడి, నిప్పంటుకొని, గొప్ప విస్ఫోటనము జరిగెను. అరువదిమంది ప్రాంతమువారు ప్రాణములు కోల్పోయిరి. నల్లని పొగ నింగికెగయగా, ఏమి జరిగినదో, ఎటు పోవలెనో తెలియక వేలాది జనులు ఇండ్లు విడిచి పరుగులెత్తిరి. నాడు చేతిఫోను సామాన్యుని చేతిలో లేదు. నూటయెనిమిది బండి లేదు. అడుగవలసినవారికి అడుగు సాధనము లేదు. చెప్పవలసినవారికి చెప్పు సాధనము లేదు.

1995లో మన దేశమున చేతిఫోను వచ్చెను. ప్రైవేటు కంపెనీలు ప్రవేశించెను. 1997లో టెలికం నియంత్రణ సంస్థ ఏర్పడెను. 2000 అక్టోబరు 1న ప్రభుత్వశాఖ చేతిలోని టెలిఫోను వ్యాపారము భారత సంచార నిగమ మను కంపెనీ యయ్యెను. ఒక్క యజమాని యున్న యింటిలో నియమము సులభము. పలువురున్నచోట ఒప్పందము కావలెను. ఒక కంపెనీ సిమ్ము గలవాడు 100 నొక్కినను, వేరొక కంపెనీ సిమ్ము గలవాడు 100 నొక్కినను పిలుపు ఒకే ఠాణాకు చేరవలెను గదా! కావున చిన్న నంబరులను తరగతులుగా విభజించిరి. పోలీసు, అగ్నిమాపకము, అంబులెన్సు మొదలగువానిని ప్రతి కంపెనీయు తన చందాదారు లందరికి తప్పక అందింపవలెను. మరికొన్ని నంబరులు కంపెనీల యిష్టమునకు విడువబడినవి.

మీరు 108 నొక్కినప్పుడు జరుగు పని యిది. మీ ఫోను సమీపమందలి టవరునకు ఆ అంకెలను తెలుపును. టవరు దానిని కంపెనీవారి ఎక్స్ఛేంజికి చేర్చును. ఎక్స్ఛేంజిలో ఒక పట్టిక యుండును. ఈ టవరునుండి 108 వచ్చినచో ఫలానా కేంద్రమునకు పంపుము అని అందు వ్రాసియుండును. అనగా 108 అనునది నిజమైన చిరునామా కాదు, ముద్దుపేరు. ఊరిలో "కరణంగారి యిల్లు" అన్నచో తపాలా బంట్రోతు తలుపు సంఖ్య అడుగకయే పోవునట్లు, ఎక్స్ఛేంజి ఆ ముద్దుపేరును అసలు నంబరుగా మార్చి పిలుపును పంపును. క్రొత్తగా ఒక చిన్న నంబరు ఏర్పడినప్పుడు ప్రతి కంపెనీయు తన పట్టికలో దానిని వ్రాసికొనవలెను. ఒక్కరు వ్రాయకున్నను, వారి చందాదారులకు మాత్రము ఆ నంబరు లేదను సమాధానము వినవచ్చును. లోపము మీ ఫోనులో లేదు, పట్టికలో నున్నది.

ఇందు మరియొక సూక్ష్మము కలదు. పిలుపు ఎచ్చటికి పోవలెనో నిర్ణయించునది మీ గ్రామము కాదు, మీ పిలుపును అందుకొన్న టవరు. ఇచ్ఛాపురము, సాలూరు, ముంచింగిపుట్టు వంటి సరిహద్దు ప్రాంతములలో మీ ఫోను ఒడిశాలోని టవరును పట్టుకొన్నచో, పిలుపు ఒడిశా కేంద్రమునకు పోవచ్చును. అచ్చటివారు ఒడియాలో పలికినచో కంగారుపడి ఫోను పెట్టివేయరాదు. మేము ఆంధ్రప్రదేశములో ఫలానా మండలమున నున్నామని స్పష్టముగా చెప్పవలెను. ఈ కారణముచేతనే ఏ పిలుపులోనైనను మొదట చెప్పవలసినది జబ్బు కాదు, జరిగిన కథ కాదు, ఉన్న చోటు.

నూటయెనిమిది చరిత్ర మన తెలుగువారిది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఎమర్జెన్సీ మేనేజిమెంటు అండ్ రీసెర్చి ఇన్‌స్టిట్యూటు అను సంస్థ ఈ సేవను ప్రారంభించెను. తరువాత ప్రభుత్వముతో కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశమంతట విస్తరింపజేసెను. గుజరాతు, తమిళనాడు మొదలగు రాష్ట్రములు మన పద్ధతిని స్వీకరించెను. అష్టోత్తరశతము మన పూజలో నున్న సంఖ్య గనుక గ్రామములలో దానిని ఎవరికిని నేర్పవలసిన పని కలుగలేదు. 102 అంతకుముందే యున్నను అది జనుల నాలుకపై నిలువలేదు. 108 నిలిచినది. కారణము సంఖ్య మాత్రమే కాదు. పిలిచినప్పుడు బండి వచ్చెను. పలికిన దేవతకే కొలువు. నేడు మన రాష్ట్రములో 102 ప్రసవించిన తల్లులను బిడ్డలతో ఇంటికి చేర్చు సేవకు ఉపయోగపడుచున్నది. 2020 జులై 1న మన రాష్ట్రప్రభుత్వము 108, 104 సేవలకై ఒక్కదినముననే 1,088 వాహనములను రహదారి యెక్కించెను.

నంబరులు పెరిగినకొలది జ్ఞాపకము తగ్గును. స్త్రీలకు 181, పిల్లలకు 1098, వృద్ధులకు 14567, రైలుకు 139 అని పట్టిక పెద్దదయ్యెను. 2012 డిసెంబరులో ఢిల్లీలో ఒక యువతిపై జరిగిన ఘోరము తరువాత, ఆపదలన్నిటికి ఒక్క నంబరే యుండవలెనను తలంపు బలపడెను. 2015 ఏప్రిలులో నియంత్రణ సంస్థ 112ను సిఫారసు చేసెను. 2018 నవంబరులో హిమాచలప్రదేశములో అది మొదలయ్యెను. 2019 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ, తెలంగాణములతో కూడ పదునారు రాష్ట్రములు, కేంద్రపాలిత ప్రాంతములు అందు చేరెను. పాత నంబరులను ఒక్కసారిగా తొలగింపక, ప్రక్కన నిలుపుట వివేకమైన పని. ముప్పది యేండ్లు 100 అని నేర్చిన ముదుసలికి, ఆపదవేళ క్రొత్త పాఠము చెప్పుట తగదు గదా.

112నకు ఒక విశేషము కలదు. ప్రపంచములోని చేతిఫోనులకు ఆ నంబరు పుట్టుకతోనే తెలియును. తాళము వేసియున్న ఫోనునుండి సైతము దానిని పిలువవచ్చును. మీ కంపెనీ టవరు అందనప్పుడు, ఫోను అన్య కంపెనీ టవరును ఆశ్రయించి ఆ పిలుపును పంపుటకు యత్నించును. కావున మీ ఫోనులో సంకేతపు గీతలు లేనంతమాత్రమున నిరాశ చెందక 112 నొక్కి చూడుడు. చిన్న ఫోనులలో 5 గాని 9 గాని గట్టిగా నొక్కిపట్టినచో ఆపత్కాలపు పిలుపు పోవలెనని 2016లో నియమము చేసిరి. మీ ఫోనులో నట్లున్నదో లేదో, తీరికగా నున్నప్పుడు మీ మనుమని యడిగి తెలిసికొనుడు.

సముద్రముపైకి పోవు మన జాలరులకు 1554 అను నంబరు కలదు. అది తీరరక్షక దళమువారిది. తీరము దాటి టవరు అందని దూరమున ఓడలు రేడియోలో 16వ చానలును వినుచుండును. అదియు ఒక చిన్న నంబరే. దేశదేశముల నావికు లందరు దానిని ఎరుగుదురు. పడవ బయలుదేరునప్పుడు వల, మంచినీరు చూచుకొన్నట్లు ఈ రెండంకెలను గూడ చూచుకొనవలెను.

ఇక ఈ చరిత్రలోని కష్టమైన భాగము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముననే తీరము దాటెను. ఆ దినమున నే నీ పట్టణముననే యుంటిని. చెట్లు కూలెను, విద్యుత్ స్తంభములు నేలవ్రాలెను, టవరులు పనిచేయుట మానెను. చేతిలో ఫోను ఉన్నది. దానిలో ఒక్క గీతయు లేదు. పొరుగున నున్న అన్న బ్రదికియున్నాడో లేదో తెలిసికొనుటకు తమ్ముడు కాలినడకన పోవలసివచ్చెను. నాలుగు కంపెనీల సిమ్ములు గలవాడును, ఒక్కటియు లేనివాడును ఆ దినమున సమానులే. మూడంకెలు ఎంత చిన్నవైనను, వాని వెనుక టవరు, విద్యుత్తు, తీగ, మనిషి ఉండవలెను. ఒకటి లేకున్నను అంకెలు వట్టి గీతలు.

ఇప్పుడు 11వ సంకేతపు మాట చెప్పెదను. రేవు స్తంభముపై ఆ సంకేతము కట్టినచో, వాతావరణ కార్యాలయముతో సంబంధము తెగిపోయినది, రాబోవు గాలివానను గూర్చిన వార్త మాకు అందుటలేదు, జాగ్రత్తపడుడు అని అర్థము. వార్త లేకపోవుటయే ఒక వార్త. ఆ సంకేతములను ఏర్పరచిన పూర్వులు, తంతి తెగు దినము వచ్చునని ముందే ఊహించి, దానికిని ఒక అంకె నుంచిరి! మన టెలిఫోను ఏర్పాటులో ఈ దూరదృష్టి ఆలస్యముగా వచ్చినది. ఇటీవలి తుపానులలో ఒక కంపెనీ టవరు చెడినచో దాని చందాదారులకు మరియొక కంపెనీ టవరు ఆశ్రయ మిచ్చునట్లు ఏర్పాట్లు చేయుచున్నారు. 2023లో మన ఫోనులు ఒక్కసారిగా పెద్దధ్వని చేసి, పరీక్షార్థము హెచ్చరిక చూపినది మీలో పలువురకు జ్ఞాపకముండును. అది టవరు పరిధిలోని ఫోనులన్నిటికి ఒకేసారి వార్త చేర్చు పద్ధతి. రేవు స్తంభము మన జేబులోనికి వచ్చినదన్నమాట.

2020 మే 7న తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతమున, ఆర్.ఆర్. వెంకటాపురము దగ్గర నున్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను అను విషవాయువు వెలువడెను. పండ్రెండుగురు మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. 1997నకు, దీనికి ఒక భేదము కలదు. ఈసారి జనుల చేతిలో ఫోనులున్నవి. నూటయెనిమిది బండ్లు వచ్చినవి. ఇంకొక విషయములో భేదము లేదు. పిలుపు క్రిందినుండి పైకి పోయినది గాని, నిద్రించుచున్న గ్రామమునకు పైనుండి హెచ్చరిక రాలేదు. చిన్న నంబరు మనము చెప్పుటకు ఉపకరించును. మనకు చెప్పవలసినవారి బాధ్యతను అది తీర్చదు.

ఈ చిన్న అంకెలను దుర్మార్గులును నేర్చినారు. మీకు పోస్టు వచ్చినదనియో, సిమ్ము ఆగిపోవుననియో చెప్పి, నక్షత్రపు గుర్తు నొక్కి 401, తరువాత మరల నక్షత్రము, పిమ్మట ఒక నంబరు నొక్కుమందురు. నొక్కినచో మీకు రావలసిన పిలుపులన్నియు వారికి మరలిపోవును. బ్యాంకువారు చెప్పు రహస్యసంఖ్య సైతము వారి చెవిలో పడును. ఇది ప్రబలుటచేత 2024 ఏప్రిల్ 15 నుండి ఈ విధమైన మరలింపును నిలుపవలెనని టెలికం శాఖ కంపెనీల నాదేశించెను. ఎవరో చెప్పిన అంకెలను మాత్రము ఎన్నడును నొక్కకుడు. 140తో మొదలగు నంబరునుండి వచ్చు పిలుపు వ్యాపార ప్రకటన. బ్యాంకులు, ప్రభుత్వకార్యాలయములు పిలుచుటకై 2024లో 1600తో మొదలగు నంబరులను ఏర్పరచిరి. మోసపోయి సొమ్ము పోయినచో 1930కి వెంటనే చెప్పవలెను. ఆ సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు ప్రవహించుచుండగనే దానిని నిలుపుటకు బ్యాంకులు, పోలీసులు ఈ నంబరుతో కలుపబడియున్నారు. ఏరు పొంగినప్పుడు గండి మొదటి గడియలో పూడ్చవలెను. తెల్లవారిన తరువాత కాదు. సిగ్గుపడి దాచినచో లాభము దొంగదే.

ఈ 1930కి ముందు అదే పనికి 155260 అను ఆరంకెల నంబరు 2021లో ఉండెను. మరుసటి యేడు దానిని మార్చిరి. పొట్టిదగుట మేలే. కాని మార్పునకు ఒక మూల్యము కలదు. గోడపై వ్రాసిన పాత నంబరు అట్లే యుండును. పల్లెలోని ముదుసలి పాతదానినే నొక్కును. రైతులకై 2004లో ఏర్పడిన 1551 గూడ ఇప్పుడు 1800-180-1551 అను పొడుగు రూపమునకు మారినది. నా యభిప్రాయము ఇది. ఊరి మధ్యనున్న రచ్చబండను ఏటేట కదల్పరాదు. ఒకసారి ప్రజల కిచ్చిన చిన్న నంబరును ప్రభుత్వము గాని, కంపెనీలు గాని తమ సౌకర్యముకొరకు మార్చరాదు. మార్చక తప్పనిచో, పాతదానికి వచ్చిన పిలుపును చిరకాలము క్రొత్తదానికి చేర్చుచుండవలెను. చిన్న నంబరు వట్టి సంఖ్య కాదు, మాట యిచ్చుట. మీరు పిలువుడు, మేము పలికెదము అనుట. పలుకని నంబరు లేని నంబరు కంటె కీడు. దానిని నమ్మి కూర్చున్నవాడు వేరు దారి వెదకడు.

పాడేరు, అరకు కొండలలో టవరు అందని గూడెములు కలవు. అచ్చట నేటికిని రోగిని డోలీలో మోసికొనివచ్చు దృశ్యములు కనబడుచున్నవి. వారికి 108 అంకెలు తెలియును. చేరు త్రోవ లేదు. చిన్న నంబరుల చరిత్ర పూర్తియైనదని చెప్పుటకు ఆ గూడెములు అంగీకరింపవు.

గ్రామపెద్దలకు నా విన్నపము నాలుగే మాటలు. రచ్చబండ దగ్గర, బడిగోడపై 112, 108, 101, 1930 అను నంబరులను పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. తీరగ్రామములలో 1554ను చేర్పుడు. మీ గ్రామము పేరు, మండలము పేరు, దగ్గరి గుర్తు ఒక వరుసలో చెప్పుట పిల్లలకు అలవాటు చేయుడు. ఆటకై ఆ నంబరులను నొక్కుట మాన్పింపుడు. ఆటపిలుపు ఒకటి పోయినచో నిజమైన పిలుపు ఒకటి వేచియుండును. మీ గ్రామమున ఏ కంపెనీ టవరు చక్కగా అందునో, ఏ మిట్టపైకి ఎక్కినచో మాట వినబడునో తుపాను రాకముందే తెలిసియుంచుకొనుడు.

పిలిచినవానికి పలుకుట మన యిండ్లలో పాత ధర్మమే. దానిని యంత్రములకును, కంపెనీలకును నేర్పుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చదువు ఇంకను పూర్తి కాలేదు. దానిని పూర్తిచేయింపవలసినవారు అడుగు హక్కు గల మీరే.